ఎడ్లు లాగిన ఇల్లు

చిలోయే దీవిలో ఆ ఏడు వాన
మార్చిలో మొదలైంది. ఎప్పుడాగిందో గుర్తులేదు.
బడి రేకుల మీద చప్పుడుకి
ఎదెల్మీరా టీచరు గొంతు పెంచి అడిగింది:
"ఈ కథకి వస్తువేమిటి?"

కథ చిన్నదే.
ఇరవయ్యేళ్ళుగా మాటల్లేని పొరుగువాడి వలని
ఒక ముసలాయన రాత్రిపూట, ఎవరికీ చెప్పకుండా,
బాగుచేసి వాళ్ళ గుమ్మంలో పెట్టి వస్తాడు.
అంతే.

ఎలిసేయో రాశాడు: వల.
వస్తువంటే వస్తువే కదా మరి!
వాడి పక్కన రొసెండా: సూది, దారం, లాంతరు,
కిరాణా చీటీలాగా.
నేను తెలివైనదాన్ని. "స్నేహం" అని రాసి
కింద రెండు గీతలు కూడా గీశాను.

టీచరు వాటికింద మూడో గీత గీసింది, ఎర్రటిది.
"ఇది గుమ్మం మీది పేరుపలక.
లోపలికి పోయి చూశావా?
స్నేహం గురించి ఈ కథ ఏమంటోంది?"
ఏమీ అనట్లేదని నాకు ఉక్రోషం.
ఆ ముసలాయన నోరు విప్పితేగా!

శనివారం లుద్‌గార్దా పెద్దమ్మ ఇల్లు జరిపారు.
మా దగ్గర ఇల్లు మారడమంటే సామాను మారడం కాదు,
ఇల్లే మారుతుంది.
సముద్రం ఒడ్డుని కొరుక్కుతింటుంటే
ఊరంతా వచ్చి, కింద దుంగలు దొర్లించి,
ఎడ్లని కట్టి, తాళ్ళు భుజానేసుకుని
గోడలతో కిటికీలతో సహా గుట్ట మీదికి లాగేస్తారు.
కూలి ఉండదు. చివర్న ఉడికిన దుంపలు, మాంసం,
పులిసిన ఆపిల్ రసం.
కడలి మింగకుండా చేసే ఆ పనిని
మేం మింగా అంటాం.

ఆరు జతల ఎడ్లు కావాలి. అయిదే వచ్చాయి.
తాడు బిగిసింది. ఇల్లు మూలిగింది. కదల్లేదు.
అప్పుడు దారి మలుపులో
అబెలార్దో నావుయెల్కిన్, తన ఎడ్లతో.
కంచె తగువులో పెద్దమ్మతో మాట మానేసిన మనిషి,
ఆమె మొగుడు పోయినప్పుడు కూడా గడప తొక్కనివాడు.
ఎవరూ పిలవలేదు. ఎవరూ వద్దనలేదు.
గొలుసు తగిలించి
ఎడ్లతో మాత్రం ఏదో అన్నాడు.

ఇల్లు కదిలింది.
నడిచే ఇంటి కిటికీలో పూలకుండీ వణకడం,
పొగగొట్టంలోంచి ఇంకా సన్నగా పొగ రావడం చూశాను.
పొయ్యి ఆర్పడం మరిచినందుకు
పెద్దమ్మకి తర్వాత అందరూ చివాట్లు పెట్టారు.

సాయంత్రం పళ్ళెం పట్టుకుని నేనే వెళ్ళాను.
కాడి విప్పుతూ, నా వైపు చూడకుండా,
"ఆ దుంగ మీద పెట్టు" అన్నాడు.
తిన్నాడో, కుక్కకి వేశాడో.
పొద్దున చూస్తే ఆ పళ్ళెం
పెద్దమ్మ కొత్త గుమ్మంలో
కడిగి, బోర్లించి ఉంది.

సోమవారం "స్నేహం" కొట్టేశాను.
చాలాసేపు పెన్సిలు కొరికాను.
"క్షమించానని చెప్పలేనివాళ్ళు
ఒక పని చేసిపెడతారు" అని రాశాను.
మళ్ళీ చదువుకుంటే మరీ నున్నగా అనిపించి
చేర్చాను: "కొన్నిసార్లు.
అది సరిపోతుందో లేదో కథ చెప్పలేదు."

టీచరు టిక్కు పెట్టలేదు.
పక్కన "ఇంకా?" అని మాత్రం రాసింది.

ఎలిసేయో మాత్రం వలని కొట్టెయ్యలేదు.
లేచి నిలబడి అడిగాడు:
"వల చిరగకపోతే
ఆయన ఏం కుట్టేవాడు టీచర్?"
ఆమె వాడి వంక చాలాసేపు చూసింది,
కూర్చోమనడం మరిచిపోయి.

ఇంటికొస్తూ ఒడ్డున ఆగాను.
చుట్టూ మోకాలెత్తు గడ్డి. మధ్యలో
సరిగ్గా ఇంటి కొలతకి
అరవయ్యేళ్ళుగా వానెరగని పాలిపోయిన నేల.
ఇక్కడ ఏముండేదో తెలియనివాడు కూడా
ఏదో ఉండేదని అనుకుంటాడు.
దాని మీద చినుకులు
ఒక్కొక్కటే గుంట చేసుకుంటున్నాయి.